కజిన్: ఒక ఇంగ్లీషు మాట, ఆస్ట్రేలియాలో దాని వరసలు

మేనత్త కొడుకు, పిన్ని కూతురు, పెదనాన్న కొడుకు, మేనమామ కూతురు. ఈ నలుగురికీ ఇంగ్లీషు పెట్టిన పేరు ఒక్కటే: కజిన్. ఆడో మగో చెప్పదు, పెద్దో చిన్నో చెప్పదు, తల్లి వైపో తండ్రి వైపో చెప్పదు. తెలుగు ఇంట్లో మాత్రం ఆ నలుగురిలో ఇద్దరు తోబుట్టువులతో సమానం, మిగతా ఇద్దరు పెళ్లికి వరసైనవాళ్లు. అన్ననూ బావనూ ఒకే పీట మీద కూర్చోబెట్టే ఈ మాటను మనవాళ్లు ఉన్నదున్నట్టు మింగలేక పక్కన ఒక బ్రదరో సిస్టరో తగిలించుకున్నారు. ఇంగ్లీషు పంతుళ్లు ఎర్ర సిరాతో కొట్టేసే ఆ 'కజిన్ బ్రదర్' ఆస్ట్రేలియా ఆదివాసుల ఇళ్లలోనూ వినిపిస్తుంది. వాళ్లు మన దగ్గర నేర్చుకున్నదీ కాదు, మనం వాళ్ల దగ్గర నేర్చుకున్నదీ కాదు. వరస చూసి పిలిచే అలవాటున్నవాళ్ల చేతికి ఇంగ్లీషు వస్తే ఎక్కడైనా ఇలాంటి మాటే పుడుతుంది.

కజిన్‌కు ఈ మసక మొదటినుంచీ లేదు. దాని మూలం లాటిన్‌లోని కోన్సోబ్రీనుస్. ఆ మాటకు మొదటి అర్థం తల్లి అక్కచెల్లెళ్ల బిడ్డ, అంటే మన పెద్దమ్మ కొడుకో పిన్ని కూతురో. తండ్రి అన్నదమ్ముల బిడ్డకు, మేనత్త బిడ్డకు లాటిన్‌లో వేరే పేర్లుండేవి. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ తేడాలన్నీ అరిగిపోయి ఒక్క కజిన్ మిగిలింది. అంకుల్, ఆంటీల కథ మనకు ఇంకా సరదాగా ఉంటుంది. అంకుల్ మూలమైన అవుంకులుస్ అంటే మేనమామ. ఆంటీ మూలమైన అమిత అంటే మేనత్త. పక్కింటాయన్ని 'అంకుల్' అని పిలిచే తెలుగు పిల్లవాడు, మూలం లెక్కన చూస్తే, ఆయన్ని మామయ్యా అంటున్నట్టే. అసలు పాత ఇంగ్లీషులోనూ మేనమామకు ఒక పేరు, బాబాయికి ఒక పేరు, మేనత్తకూ పిన్నికీ వేరువేరు పేర్లు ఉండేవి. 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచాక ఫ్రెంచి మాటలు వాటిని నెమ్మదిగా తోసేశాయి. షేక్‌స్పియర్ కాలానికి కజిన్ ఎంత సాగిందంటే, 'హామ్లెట్' నాటకంలో రాజు సొంత అన్న కొడుకునే కజిన్ అని పిలుస్తాడు.

పోగొట్టుకున్న వరసకు బదులుగా ఇంగ్లీషు దూరం లెక్కపెట్టడం నేర్చుకుంది. ఇద్దరికీ తాతా నాయనమ్మలో, తాతా అమ్మమ్మలో ఒకరైతే ఫస్ట్ కజిన్లు. ముత్తాతలు ఒకరైతే సెకండ్ కజిన్లు. తరం తేడా ఉంటే 'రిమూవ్డ్' అని చేరుస్తారు: నాన్నగారి ఫస్ట్ కజిన్ నాకు ఫస్ట్ కజిన్, వన్స్ రిమూవ్డ్. తెలుగులో దూరాన్ని చెప్పే పద్ధతి లేకపోలేదు. అమ్మకు సొంత అన్నదమ్ముడు కాక, వరసకు అన్నదమ్ముడైనవాణ్ణి వేలువిడిచిన మేనమామ అంటారు. అయితే వేలు విడిచినా మేనమామ మేనమామే, వరస మారదు. ఇంగ్లీషువాళ్లు మెట్లు లెక్కపెడతారు, మనం గుమ్మం చూస్తాం.

ఇక ఆస్ట్రేలియా ఆదివాసుల సంగతి. 1788లో బ్రిటిష్ ఓడలు సిడ్నీ తీరానికి చేరేనాటికి ఆ ఖండంలో 250కి పైగా భాషలుండేవి. భాష ఏదైనా, మనిషికి మనిషి ఏమవుతాడన్న లెక్క తేలకుండా మాట ముందుకు సాగని సమాజాలవి. మధ్య ఎడారిలోని పిట్జాంట్‌జారా భాషనే చూడండి. అక్కడ 'మమ' అంటే తండ్రి, తండ్రి అన్నదమ్ములు కూడా 'మమ'లే. తల్లి 'ఙుఞ్చు', ఆమె అక్కచెల్లెళ్లూ 'ఙుఞ్చు'లే. తల్లి అన్నదమ్ముడికి మాత్రం 'కమురు' అని, తండ్రి అక్కచెల్లెలికి 'కుంటిలి' అని వేరే పేర్లు. పెదనాన్నలో నాన్న, చిన్నమ్మలో అమ్మ దాగి ఉండి, మామా అత్తా విడిగా నిలబడే తెలుగు ఏర్పాటు ఇదే. (మన వర్ణమాలలో పనిలేక కూర్చున్న ఙ, ఞ అక్షరాలకు ఆ భాషలలో చేతినిండా పని ఉండటం పైలాభం.)

ఇలాంటి భాషలు మాట్లాడేవాళ్ల మీద ఇంగ్లీషు వచ్చిపడ్డాక, వాళ్లు ఆ మాటలను తీసుకుని తమ లెక్కలను వాటిలో నింపారు. అబోరిజినల్ ఇంగ్లీషు అని భాషావేత్తలు వేరే రకంగా గుర్తించిన ఆ ఇంగ్లీషులో పిన్నిని 'మదర్' అనడం మామూలు. పెదనాన్న కొడుకు బ్రదర్, లేదా కజిన్ బ్రదర్. గ్రానీ అనే మాట రెండు వైపులా నడుస్తుంది. అమ్మమ్మ గ్రానీ, మనవరాలూ గ్రానీయే. మనవడికి తాత పేరు పెట్టుకుని, ఆ పేరుతో వాణ్ణి కేకలేయలేక కోడళ్లు 'బాబూ' అని సరిపెట్టుకునే ఇళ్లు చూసిన తెలుగువాళ్లకు ఇది వింతగా తోచదు. కొత్త మనిషి ఎదురైతే వాళ్లు ముందు అడిగేది 'మీ మాబ్ ఎవరు' అని. ఇంగ్లీషులో అల్లరిమూక అనే అర్థమున్న మాబ్ అక్కడ 'మావాళ్లు' అయింది. మీదే ఊరు, ఇంటిపేరేమిటి అని ఆరా తీసి రెండు నిమిషాల్లో ఎక్కడో ఒక చుట్టరికం కలిపేసే మన పెద్దవాళ్లు అడిగేదీ అదే.

ఆ ఇంగ్లీషులో కొన్ని సముదాయాలు 'పాయిజన్ కజిన్' అని ఒక వరసను చెప్పుకుంటాయి. అందులో మనిషి మీద ద్వేషమేమీ లేదు. ఎదురుపడకూడని, నేరుగా పలకరించకూడని వరస అని అర్థం. అత్తా అల్లుళ్ల మధ్య ఇలాంటి మరుగు ఆస్ట్రేలియా అంతటా ఉండేది. ఉత్తర క్వీన్స్‌లాండ్ వాన అడవులలోని జిర్బల్ భాషవాళ్లు దానికోసం ఏకంగా మరో పదకోశాన్నే పెట్టుకున్నారు. భాషావేత్త ఆర్. ఎం. డబ్ల్యూ. డిక్సన్ 1963 నుంచి అక్కడ పనిచేసి 1972లో ప్రచురించిన వ్యాకరణంలో ఆ సంగతి వివరంగా ఉంది. మామూలు మాట 'గువల్'. మరుగు పాటించవలసిన మనిషి వినికిడిలో ఉంటే 'జల్‌ఙుయ్'కి మారవలసివచ్చేది. వ్యాకరణం, ఉచ్చారణ అవే, మాటలు మాత్రం దాదాపు అన్నీ వేరు. అల్లుడికి అత్త, కోడలికి మామ ఆ జాబితాలో ఉండటం ఊహించదగ్గదే. మేనబావా మరదళ్లు కూడా ఉండటం దగ్గరే తెలుగువాడు ఉలిక్కిపడతాడు. మనకు సరసాలాడుకోవడానికి హక్కున్న వరస అది. మరదలి మీద నీళ్లు చల్లకపోతే బావ కాడన్నంత చనువు. అడవిలో అదే వరస ఎదురైతే తల తిప్పుకుని, గొంతు తగ్గించి, వేరే మాటలు వెతుక్కోవలసివచ్చేది. ఇద్దరి దగ్గరా లెక్క ఒకటే, ఆ లెక్కతో చేసే పని వేరు.

పెళ్లి లెక్క కూడా కలిసే చోటు పశ్చిమ ఆస్ట్రేలియాలో ఉంది. పిల్బరా తీరంలో, నేటి పోర్ట్ హెడ్‌ల్యాండ్ చుట్టుపక్కల కరియెరా ప్రజలు ఉండేవారు. ఎ. ఆర్. రాడ్‌క్లిఫ్ బ్రౌన్ వాళ్ల మధ్య పరిశోధన చేసి 1913లో వ్యాసం అచ్చువేశాడు. సిడ్నీ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రానికి తొలి ఆచార్యుడయింది ఆ తర్వాతి మాట. కరియెరాలో 'కగ' అంటే తల్లి అన్నదమ్ముడు, భార్య తండ్రి కూడా కగే. 'తోఅ' అంటే తండ్రి అక్కచెల్లెలు, భార్య తల్లీ ఆవిడే. మేనమామ కూతురూ మేనత్త కూతురూ 'నుబ', భార్య కూడా నుబ. వాళ్ల అన్నదమ్ములు 'కుంబలి'. తెలుగు పాఠకుడికి ఇక్కడ వ్యాఖ్యానం అక్కర్లేదు: మామ, అత్త, మరదలు, బావమరిది. సమాజమంతా బనక, బురుంగ్, కరిమెర, పల్యెరి అనే నాలుగు వర్గాలు. బనక మగవాడు బురుంగ్ స్త్రీనే చేసుకోవాలి, వాళ్ల బిడ్డ పల్యెరి అవుతాడు. పల్యెరి పెరిగి కరిమెర పిల్లను చేసుకుంటే పుట్టేవాడు మళ్లీ బనక. తాత వర్గం మనవడికి తిరిగి వస్తుంది. సగోత్రీకులు పెళ్లాడకూడదనే నియమంతో పెరిగినవాళ్లకు ఇది గోత్రానికి మరో మెట్టు పైన కట్టిన లెక్కలా కనిపిస్తుంది.

ఈ పోలిక పండితులకు తట్టడానికి ముందే సామగ్రి పోగయింది. అమెరికాలో లూయిస్ హెన్రీ మోర్గన్ అనే వకీలు ప్రపంచమంతటికీ బంధుత్వ ప్రశ్నావళులు పంపి, వచ్చిన జవాబులతో 1871లో పెద్ద పుస్తకం వేశాడు. అందులోని పట్టికల్లో తమిళ, కన్నడాలతోపాటు తెలుగూ ఉంది. ఆ ప్రశ్నావళి ఫిజీలో ఉన్న మతబోధకుడు లోరిమర్ ఫైసన్‌కు అందింది. ఆయన తర్వాత ఎ. డబ్ల్యూ. హోవిట్‌తో కలిసి ఆస్ట్రేలియా ఆదివాసుల బంధుత్వాల మీద 1880లో 'కామిలరోయ్ అండ్ కుర్నాయ్' రాశాడు. ఫ్రాన్స్‌కు చెందిన లూయీ ద్యుమో 1953లో ద్రావిడ బంధుత్వ పదాలను పెళ్లి సంబంధాల కోణంలో వివరించాడు. ట్రాట్‌మన్ అనే పండితుడు 1981లో 'ద్రావిడియన్ కిన్‌షిప్' అనే పుస్తకమే రాశాడు. ఇప్పుడు మానవశాస్త్రంలో 'ద్రావిడ పద్ధతి' అంటే దక్షిణ భారతానికి ఆవల, అమెజాన్ అడవుల్లోని వరసలకు కూడా వాడే పేరు.

ఇంత పోలిక చూశాక మనమూ వాళ్లూ ఒకప్పుడు ఒకటేననే తీర్మానానికి దూకేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. రాబర్ట్ కాల్డ్‌వెల్ 1856లోనే ద్రావిడ సర్వనామాలకూ ఆస్ట్రేలియా సర్వనామాలకూ పోలిక చూపాడు. ట, ణ, ళ ధ్వనులు అక్కడా ఉండటం ఆ ఊహకు బలమిచ్చింది. భాషావేత్తలు దాన్ని ఒప్పుకోలేదు. 2013లో ఒక జన్యు పరిశోధన సుమారు 4,000 ఏళ్ల కిందట భారతదేశం నుంచి ఆస్ట్రేలియాకు రాకపోకలు జరిగాయంది. 2016లో వచ్చిన పరిశోధనలు దానికి ఆధారం కనిపించలేదన్నాయి. పైగా ఆస్ట్రేలియా అంతటికీ ఒకటే పద్ధతి లేదు. కరియెరాలో పెళ్లికి వరసైన మేనత్త బిడ్డలను పిట్జాంట్‌జారాలు అక్కాచెల్లెళ్ల కింద లెక్కేస్తారు. ఉత్తరాన యోల్ఙు ప్రజలు మేనమామ కూతురి వరసనే ఒప్పుకుంటారు, మేనత్త కూతురి వరసను కాదు. వరస అనే ఆలోచన ఒక్కచోటే పుట్టనక్కర్లేదనడమే సబబు.

మేనరికాన్ని ఆస్ట్రేలియా చట్టం అడ్డుకోదు. 1961 నాటి వివాహ చట్టం నిషేధించేది తరతరాల నిలువు సంబంధాలను, తోబుట్టువులను మాత్రమే. కాబట్టి ఫస్ట్ కజిన్లు పెళ్లాడవచ్చు. కాగితం మీద చూస్తే మేనమామా మేనకోడళ్ల పెళ్లి కూడా చెల్లుతుంది. ఇండియాలో 1955 హిందూ వివాహ చట్టం ఈ రెండింటినీ నిషిద్ధ జాబితాలో వేసి, ఆచారం ఉన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చింది. దక్షిణాదివారు మేనమామ కూతురినీ మేనత్త కూతురినీ చేసుకుంటారని బౌధాయన ధర్మసూత్రమే చెప్పింది. 1957లో వచ్చిన 'మాయాబజార్' కథంతా ఆ హక్కు మీదే నడుస్తుంది: శశిరేఖ అభిమన్యుడికి మేనమామ కూతురు. చట్టం ఊరుకున్నా వైద్యం ఊరుకోదు. గర్భిణుల వైద్యంలో భార్యాభర్తలు రక్తసంబంధీకులా అన్న ప్రశ్నకు విలువ ఉంది. ఫస్ట్ కజిన్లు సగటున ఎనిమిదో వంతు జన్యువులు పంచుకుంటారు. అక్క కూతురిని చేసుకున్నవాడి విషయంలో అది నాలుగో వంతు.

వైద్యుడి గదిలో తెలుగు కూడా తడబడుతుంది, అది ఒప్పుకోవాలి. అమ్మ అక్క పెద్దమ్మ, పెదనాన్న భార్యా పెద్దమ్మే. కుటుంబంలో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా అని అడిగితే 'మా పెద్దమ్మకు' అనడం సరిపోదు. మొదటావిడది రక్తసంబంధం, రెండో ఆవిడ ఆ ఇంటికి కోడలిగా వచ్చిన మనిషి. ఇంగ్లీషు ఆంట్‌ది కూడా ఇదే అవస్థ. ఆసుపత్రి దుభాషీ ఇలాంటి చోట ఆగి మళ్లీ అడగవలసిందే. ఆస్ట్రేలియాలో ఆ వృత్తికి గుర్తింపునిచ్చే 'నాటి' (NAATI) అనే సంస్థ నిర్వహించే సీసీఎల్ పరీక్షలో తెలుగు కూడా ఉంది. నెగ్గితే వలస దరఖాస్తుకు 5 పాయింట్లు కలుస్తాయి. అందుకోసం కుర్రవాళ్లు ఇంగ్లీషు సంభాషణలను తెలుగులోకి చెప్పడం సాధన చేస్తుంటారు. 'అంకుల్' అని వినపడగానే బాబాయా మామయ్యా అని ఎంచుకోవలసిన పని వాళ్లకు అక్కడే మొదటిసారి ఎదురవుతుంది.

ఆంటీ విషయంలో మనకూ ఆదివాసులకూ దారులు పూర్తిగా వేరు. హైదరాబాదులో ముప్ఫై ఏళ్లావిడను ఎవరైనా 'ఆంటీ' అంటే ఆ రోజంతా ఆవిడ మనసు బాగుండదు. ఆస్ట్రేలియా ఆదివాసుల్లో ఆంటీ, అంకుల్ బిరుదులు. సముదాయం పెద్దగా ఒప్పుకున్న మనిషికే ఆ పిలుపు దక్కుతుంది. మెల్‌బోర్న్‌లో వురుంజెరి పెద్ద ఆంటీ జాయ్ మర్ఫీ వాండిన్, 2022లో మరణించిన నటుడు అంకుల్ జాక్ చార్లెస్ పేర్ల ముందు ఆ మాట పత్రికలు కూడా వదలకుండా రాస్తాయి. సభ మొదట్లో ఆ నేల తరఫున స్వాగతం పలికేది ఇలాంటి పెద్దలే. బయటివాళ్లు చనువు తీసుకుని పిలవడం కాక, అలా పిలవవచ్చా అని అడగడం మర్యాద. పోయినవాళ్ల పేరెత్తకూడదనే నియమం చాలాచోట్ల ఉంది. మధ్య ఎడారిలో ఆ పేరున్న బతికున్నవాళ్లను సైతం కొంతకాలం 'కున్మనార' అనే మారుపేరుతో పిలుస్తారు. మొగుడి పేరు పలకని మన నాయనమ్మలకు ఈ ఇబ్బంది బాగా అర్థమయ్యేది.

చట్టానికి ఈ వరసలు కొంచెం కొంచెంగా వినిపిస్తున్నాయి. 1975 కుటుంబ చట్టం ఇప్పుడు ఆదివాసీ బిడ్డల విషయంలో బంధుత్వ బాధ్యతలను కోర్టు చూడాలంటుంది. క్వీన్స్‌లాండ్ రాష్ట్రం 2020లో టోరెస్ జలసంధి దీవుల వారి సంప్రదాయ పెంపకానికి చట్టబద్ధత ఇచ్చింది. చుట్టాల బిడ్డను తీసుకుని సొంత బిడ్డలా పెంచుకునే ఆ ఆచారం వల్ల అప్పటిదాకా పిల్లల కాగితాల మీద ఒక తల్లీ ఇంట్లో మరో తల్లీ ఉండేవారు. మిగతా చోట్ల చట్టం ఇంకా ఇంగ్లీషు కుటుంబాన్నే చూస్తోంది. 2009 ఫెయిర్ వర్క్ చట్టం కింద దగ్గరివాళ్లు పోతే 2 రోజుల సెలవు వస్తుంది. దగ్గరివాళ్లంటే భార్య లేదా భర్త, సహజీవన భాగస్వామి, పిల్లలు, తల్లిదండ్రులు, తాతలు, మనవలు, తోబుట్టువులు, జీవిత భాగస్వామి తరఫున ఇవే వరసలు. ఎత్తుకుని పెంచిన పెదనాన్న పోయినా, వేరే ఇంట్లో ఉన్నంతకాలం ఆయన ఆ జాబితాలోకి రాడు.

2021 జనాభా లెక్కల్లో ఆస్ట్రేలియాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారు 59 వేల పైచిలుకు తేలారు. 2016లో ఆ సంఖ్య 34 వేలు. మెల్‌బోర్న్ శివారు టార్నీట్‌లోనో సిడ్నీ శివారు వెంట్‌వర్త్‌విల్‌లోనో పెరిగే వాళ్ల పిల్లలకు చుట్టాలంటే ఎక్కువగా వీడియో కాల్‌లో కనిపించే ముఖాలే. 'మా కజిన్' అనడం వాళ్లకు మాతృభాష. అయితే పెద్దవాళ్లూ ఆ మాటను కావాలనే వాడతారు. పదిమందిలో 'మా మేనమరదలు' అని పరిచయం చేస్తే వెంటనే వచ్చే చిలిపి నవ్వులను తప్పించుకోవడానికి కజిన్ మంచి ముసుగు. మేనరికాలు తగ్గినకొద్దీ ఆ ముసుగు అవసరమూ పెరిగింది. బావా మరదళ్లు స్నేహితుల్లా పెరిగే ఇళ్లలో వరసలేని మాటే హాయి. నష్టమల్లా మిగతా వరసల్లో ఉంది. వియ్యపురాలికి, తోటికోడలికి, తోడల్లుడికి ఇంగ్లీషులో ఒక్క మాటలో చెప్పే పేరు లేదు. కజిన్‌కు అలవాటైన నోటికి ముందు జారిపోయేవి ఇవే.

వలస కాగితాల్లో మాత్రం కజిన్‌ను చిన్నచూపు చూడకూడదు. 2019 నవంబరులో వచ్చిన 491 ప్రాంతీయ నైపుణ్య వీసాకు, నిర్దేశిత ప్రాంతంలో స్థిరపడిన బంధువు స్పాన్సర్ చేయవచ్చు. ఆ బంధువుల జాబితాలో తల్లిదండ్రులు, తోబుట్టువులు, అంకుల్, ఆంటీలతోపాటు ఫస్ట్ కజిన్ కూడా ఉన్నాడు. సిడ్నీ, మెల్‌బోర్న్, బ్రిస్బేన్ నగరాలు నిర్దేశిత ప్రాంతం కిందికి రావు. అడిలైడ్‌లో ఉన్న పెదనాన్న కొడుకు మీకు ఎంత సొంత అన్న అయినా, దరఖాస్తులో ఆయన్ని బ్రదర్ అని రాయవద్దు. ఫస్ట్ కజిన్ అనే రాసి, మీ నాన్నా ఆయన నాన్నా ఒకే తల్లిదండ్రుల బిడ్డలని చూపే జనన ధ్రువపత్రాలు జతచేయండి.